గుట్ట మీద గ్రంథాలయం, చెరువు గట్టున తోరణం

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఊరికి గుర్తుగా నిలిచే కట్టడం ఒకటి కట్టాలనీ, అది అక్కడి నేలకీ పాత వారసత్వానికీ తగినట్టు ఉండాలనీ, అందుకు ఏం చేయాలో చెప్పమనీ ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఏడింటికి జవాబులివి.

ప్రశ్న (జనగామ జిల్లా నుంచి ఒక పూర్వ విద్యార్థుల సంఘం): మా ఊరి బయట ఎకరం పైచిలుకు రాతి గుట్ట ఉంది. దాని మీద గ్రంథాలయం, చిన్న మ్యూజియం కలిపి కట్టాలనుకుంటున్నాం. గుట్ట నెత్తి పేల్చి చదును చేస్తే పని సులువవుతుందని కాంట్రాక్టరు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవద్దు. మన దక్కన్ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. రాతిలో సహజంగా ఉన్న పగుళ్ల వెంట నీరు దిగి, అంచులు అరిగి, ఉల్లిపొరల్లా పైపొరలు లేచిపోగా మిగిలినవే ఈ గుండ్లు. మీకు ఒకే బండలా కనిపించేది చాలాసార్లు ఒకే బండ కాదు. దాన్ని మందుగుండుతో పేలిస్తే పోయే రాయి సంగతి అలా ఉంచి, మిగిలిన రాయిలో వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. వానాకాలంలో వాటిలోంచి నీరు పునాది కిందికి చేరుతుంది.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. పేల్చిన రాళ్లూ మొరమూ వాలు వైపు నెట్టి చదును చేస్తారు కదా, కట్టడంలో సగం గట్టి బండ మీద, సగం ఆ నింపుడు మట్టి మీద పడుతుంది. బండ కుంగదు, నింపుడు కుంగుతుంది. రెండూ కలిసే చోట గోడకి ఏటవాలు పగులు ఖాయం. ఎన్నిసార్లు లప్పం పెట్టినా మళ్లీ తెరుచుకుంటుంది. పునాదులన్నీ బండ దాకా దించడం ఒక మార్గం. అది కుదరకపోతే ఆ కలిసే చోట పునాది నుంచి కప్పు దాకా 25 మి.మీ. సందు వదిలి, కట్టడాన్ని రెండు ముక్కలుగా కట్టుకోవాలి.

నక్ష గీయకముందే సర్వే చేయించండి. టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రంతో అర మీటరు కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) తీయించి, మీటరు కంటే పెద్ద గుండు ప్రతిదానికీ పై మట్టం, కింది మట్టం రాయించాలి. చెట్లు కూడా అందులో ఉండాలి. తర్వాత సర్వే కాగితం పట్టుకుని మీరే గుట్ట ఎక్కండి. బండల మీద పై నుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి. అవి మురికి కాదు. ప్రతి వానకీ నీరు దిగే దారిలో బతికే నాచు జాతులు ఎండిపోయి మిగిల్చిన గుర్తులు. ఆ చారలన్నీ కాగితం మీద గీసుకుంటే గుట్ట తన డ్రైనేజీ ప్లాను తానే మీ చేతికిచ్చినట్టు. ఆ దారుల్లో మెట్లు, గుమ్మాలు పెట్టకండి. నీటిదారికి అడ్డంగా ప్లింత్ గోడ లేపితే మొదటి పెద్ద వానకే పుస్తకాల గదిలో చెమ్మ.

గుండ్లను ఒక్కొక్కటే పరీక్షించాలి. సుత్తితో కొడితే ఖంగుమంటే గట్టి రాయి, బోలుగా మోగితే పొర విడిపోయి ఉందని అర్థం. గుండు అడుగున మట్టిని చుట్టూ ఒక అడుగు తవ్వి ఇనుప చువ్వ గుచ్చి చూడండి. చువ్వ కిందికి దూరిపోతే అది తల్లిబండలో భాగం కాదు, విడిగా కూర్చున్న గుండు. దాని మీద బరువు మోపకూడదు, దాని కింద వాలు వైపు మట్టి తీయకూడదు. పక్క గదికి పునాది తవ్వుతూ తెలియక చేసే పొరపాట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే.

రాయి తీయక తప్పని చోట వడ్డెరల పద్ధతి ఉండనే ఉంది. వరసగా రంధ్రాలు వేసి చీలికలు దిగ్గొడితే కావలసిన గీత వెంటే రాయి విడిపోతుంది. రంధ్రాల్లో పోస్తే ఉబ్బి రాయిని చీల్చే పౌడర్లూ దొరుకుతున్నాయి. వాలు బండ మీద ఫుటింగ్ (పిల్లరు అడుగు దిమ్మ) ఏటవాలుగా కూర్చోకూడదు, బండని మెట్టులా చెక్కి చదును చేయాలి. ప్రతి పిల్లరు కిందా బండలోకి దిగి పిల్లరుని పట్టి ఉంచే 20 మి.మీ. డోవెల్ రాడ్లు నాలుగైనా ఉండాలి. 36 నుంచి 40 మి.మీ. రంధ్రం 60 సెం.మీ. లోతు వేసి, గాలి కొట్టి పొడి మొత్తం పోయాక కుంచించుకుపోని గ్రౌట్ పోయాలి. పొడి మిగిలితే గ్రౌట్ రాతికి పట్టదు, రాడ్ చేత్తో లాగినా కదులుతుంది. రాడ్ల మందం, సంఖ్య మీ స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టి ఖరారు చేయాలి. రెండు మూడు రాడ్ల మీద లాగుడు పరీక్ష కూడా అడగండి.

ఇక మా అభిప్రాయం. గుట్ట ఇప్పటికే ఊరికి గుర్తు. నెత్తిని ఖాళీగా వదిలేసి గుట్ట భుజం మీద, గుండ్ల మధ్య కట్టండి. నేలను పిల్లర్ల మీద మూడు నాలుగడుగులు లేపితే కింద నుంచి గాలి ఆడుతుంది. మే నెలలో పగలంతా కాలిన బండ రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ అందం కోసం కాదు, అవసరం.

ప్రశ్న (వరంగల్ జిల్లా): మా ఊరి చెరువు కాకతీయుల నాటిదని చెబుతారు. గట్టు మొదట్లో రోడ్డుకి అడ్డంగా కాకతీయ తోరణం నమూనాలో 30 అడుగుల సిమెంటు ద్వారం కట్టాలనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.

జవాబు: ఇలాంటి ద్వారాలు రెండు రాష్ట్రాల్లోనూ ఊరికొకటి లేస్తున్నాయి. ఏడెనిమిదేళ్లు తిరక్కముందే పెచ్చులూడుతున్నాయి. కారణం చిన్నదే. చెక్కుడు పనిలా కనిపించడానికి పల్చటి అంచులు, హంసలు, గొలుసులు పోత పోస్తారు. అంత పల్చని చోట ఇనుముకి 10 మి.మీ. కవర్ (ఇనుము మీద ఉండే కాంక్రీటు మందం) కూడా మిగలదు. తడి లోపలికి చేరి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది కాబట్టి కాంక్రీటును బయటికి తోసేస్తుంది. పై అంచుల మీద వాన నిలుస్తుంది, అక్కడి నుంచే మొదలు. రోడ్డు మీద కడితే రోడ్లు భవనాల శాఖ అనుమతి కావాలి, కింద 5.5 మీటర్ల ఖాళీ ఉండాలి. వరిగడ్డి లోడు ఎంత ఎత్తున వస్తుందో మీకు మేం చెప్పనక్కర్లేదు.

అసలు తోరణం ఎలా నిలబడిందో ఒకసారి చూడండి. వరంగల్ కోటలో స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కుల్లో నాలుగు నిలిచాయి. వాటిలో కమాను లేదు. నిలువు రాతి స్తంభాలు, వాటి నుంచి ముందుకి చాచిన బ్రాకెట్లు, పైన అడ్డ దూలం, అంతే. రాయి నొక్కుడుని బాగా ఓర్చుకుంటుంది, వంపుని ఓర్చుకోదు. గ్రానైట్ నొక్కుడు బలంలో వంపు బలం పదో వంతు కూడా ఉండకపోవచ్చు. అందుకే రాతి దూలాలు పొట్టిగా ఉంటాయి, అందుకే బ్రాకెట్లు ముందుకి వచ్చి మధ్య దూరాన్ని తగ్గిస్తాయి. ఆ అందమంతా ఆ అవసరంలోంచి వచ్చింది. ఇనుము వేసిన కాంక్రీటు బీమ్‌కి ఆ బ్రాకెట్లతో పనే లేదు. పని లేని బ్రాకెట్ అంటే వేషం.

వారసత్వం నుంచి పద్ధతి తీసుకోండి. రామప్పనే చూడండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుంత తవ్వి ఇసుక నింపి దాని మీద బరువు మోపారు. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. నున్నటి మెరుపు రావాల్సిన మదనికలకి (స్త్రీ శిల్పాలకి) నల్లటి డోలరైట్ రాయి ఎంచుకున్నారు. పైకి పోయేకొద్దీ బరువు తగ్గించడం అక్కడి కిటుకు. ఇవాళ మీరూ అది చేయొచ్చు. ఏఏసీ దిమ్మెలు (గాలి బుడగలతో తయారయ్యే తేలిక కాంక్రీటువి) ఘనపు మీటరుకి సుమారు 600 కిలోలుంటాయి, ఎర్ర ఇటుక పని 1,900 దాకా ఉంటుంది. రామప్ప గుడి పక్కనే రామప్ప చెరువు ఉంది, గుర్తుంది కదా. చెరువు, గుడి, ఊరు ఒక్కటిగా చూడటం కాకతీయుల పద్ధతి. మీ ఊళ్లో ఆ మూడింట్లో మొదటిది ఇంకా బతికే ఉంది.

ఈ డబ్బుతో ద్వారం బదులు ఏం చేయవచ్చంటే: స్థానిక గ్రానైట్ నిలువు రాళ్లు రెండు, ఒక్కోటి రెండడుగుల చదరం, నేల పైన తొమ్మిదడుగులు, నేల లోపల మూడడుగులు. 0.6 × 0.6 × 3.6 మీటర్లంటే 1.3 ఘనపు మీటర్లు, బరువు మూడున్నర టన్నులకి కాస్త తక్కువ. చిన్న క్రేన్ చాలు. వాటి పక్కనే చెరువు కనిపించేలా యాభై మంది కూర్చునే రాతి అరుగు. రాయి మీద చెరువు పేరు, తూముల సంఖ్య, ఆయకట్టు ఎకరాలు చెక్కించండి. సిమెంటు హంసల కంటే ఇవే ఊరి చరిత్ర చెబుతాయి.

ఒక్క హెచ్చరిక. గట్టు మీద మాత్రం పునాది తవ్వకండి. మట్టికట్టలో గొయ్యి తీసి కాంక్రీటు పోస్తే ఆ రెండూ కలిసే గీత వెంట నీరు దారి చేసుకుంటుంది. మొదట చెమ్మ, తర్వాత ఊట, చివరికి గండి. గట్టు పాదం దాటాక, నీటిపారుదల శాఖ హద్దు చూపించాకే పని మొదలుపెట్టాలి.

ప్రశ్న (అనంతపురం జిల్లా): కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడికి దగ్గరలో యాత్రికుల విడిది కట్టాలి. ఎంత దూరం వదలాలి?

జవాబు: 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ ముందస్తు అనుమతి కావాలి. దరఖాస్తు మీ ప్రాంతపు అధీకృత అధికారికి వెళ్తుంది, ఆయన జాతీయ స్మారక చిహ్నాల ప్రాధికార సంస్థకి పంపుతారు. చాలామంది గుడి గోడ నుంచి కొలిచి మోసపోతారు. కొలత రక్షిత హద్దు నుంచి మొదలవుతుంది, అది గోడకి చాలా బయట ఉండొచ్చు. స్థలం కొనకముందే ఆ హద్దు ఎక్కడుందో రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రాష్ట్ర రక్షణలో ఉన్న కట్టడాలకి రాష్ట్ర చట్టాలు వేరే ఉన్నాయి.

ప్రశ్న (గుంటూరులో ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం విద్యార్థిని): నాగార్జునకొండకి లాంచీలు బయల్దేరే విజయపురి సౌత్ వైపు ఒడ్డున సందర్శకుల కేంద్రం నా థీసిస్. బౌద్ధ వారసత్వానికి గుర్తుగా స్తూపం ఆకారపు డోమ్, మెట్లు నీటిని తాకేలా ఉండాలని ఆలోచన. గైడ్ గారు ఇంకా లోతుగా చూడమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నీటి మట్టంతో మొదలుపెట్టమ్మా. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. తేడా 80 అడుగులు. ఒడ్డు పదికి ఒకటి చొప్పున వాలిందనుకుంటే నీళ్లు 800 అడుగులు వెనక్కి పోతాయి. నీ మెట్లు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నీటిని తాకొచ్చు, ఏప్రిల్‌లో ఎండిన బురద మీద దిగుతాయి. ఇది లోపం కాదు, నీ ప్రాజెక్టుకి అసలు విషయం ఇదే. ఆ జలాశయం కింద ఉన్నది ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. ఆనకట్ట వస్తుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకీ తరలించి మళ్లీ కట్టారు. కొండ మీది మ్యూజియం 1966లో తెరిచారు. నీరు ఎక్కి దిగడం ద్వారానే ఈ కథ చెప్పొచ్చు. ప్రతి పదడుగుల మట్టానికీ ఒక చపటా, దాని అంచున మట్టం చెక్కిన రాయి పెట్టు. నీరు తగ్గేకొద్దీ ఒక్కొక్క చపటా బయటపడుతుంది. మునిగి తేలే ఈ భాగమంతా రాయి, కాంక్రీటుతోనే ఉండాలి. చెక్క, పెయింటు, కరెంటు తీగలు పనికిరావు. మెట్ల కింద నింపుడు నుంచి నీరు బయటికి పోవడానికి రంధ్రాలు వదలాలి. మట్టం తొందరగా దిగినప్పుడు లోపల ఇరుక్కున్న నీరు గోడని బయటికి తోస్తుంది. నిలబెట్టు గోడలు ఎక్కువగా పడిపోయేది నీరు నిండుగా ఉన్నప్పుడు కాదు, తగ్గేటప్పుడు.

రెండోది ఎండ. అక్కడ నీళ్లూ, ద్వీపమూ పడమటి వైపు. అంటే చూపు వెళ్లే దిక్కూ సాయంత్రపు ఎండ వచ్చే దిక్కూ ఒకటే. అద్దాల గోడ పెడితే మూడు గంటల నుంచీ తెరలు దించుకోవాల్సిందే. లెక్క చూడు. మార్చి, సెప్టెంబరు మూడో వారాల్లో నీడ గడియారం లెక్కన సాయంత్రం నాలుగింటికి సూర్యుడు సుమారు 28 నుంచి 29 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చూరు 2.1 మీటర్ల ఎత్తున ఉంటే ఎండ లోపలికి సుమారు 3.85 మీటర్లు వస్తుంది. కాబట్టి 4 మీటర్ల లోతు వసారా, 2.1 మీటర్ల చూరు పెడితే ఆ రోజుల్లో నాలుగింటి దాకా లోపలి గది నీడలోనే. అరుగు మీద కూర్చున్నవాళ్లకి ఆ చూరు కింద నుంచి నీళ్లు హాయిగా కనిపిస్తాయి. మన పెంకుటిళ్ల వసారాలు తల వంచి దూరేంత కిందికి ఎందుకు దిగాయో ఈ ఒక్క లెక్కలో తెలుస్తుంది. దక్షిణపు కిటికీలకి ఇంత అక్కర్లేదు. డిసెంబరు మధ్యాహ్నం అక్కడ సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు కనుక మీటరు సన్‌షేడ్ కింద 1.2 మీటర్ల గోడకి నీడ పడుతుంది. మే మొదటి వారం చివరి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఉత్తరపు గోడకీ అడుగున్నర చూరు మరిచిపోకు.

మూడోది ఆ డోమ్. స్తూపం లోపలికి మనుషులు వెళ్లరు, చుట్టూ తిరుగుతారు. దాన్ని బోలుగా చేసి లోపల టికెట్ కౌంటరు పెడితే స్తూపానికి వ్యతిరేకమైన పని చేసినట్టు. నాగార్జునకొండ మహాచైత్యం నక్ష తెచ్చి చూడు. లోపల బండిచక్రం ఆకుల్లా గోడలు కట్టి మధ్యలో మట్టి నింపారు. మట్టి పక్కలకి జరగకుండా ఆ గోడలు పట్టి ఉంచుతాయి, ధర్మచక్రమూ అవుతుంది. నాలుగు దిక్కుల్లో ఆయక వేదికలు (ముందుకి పొడుచుకొచ్చిన అరుగులు), ఒక్కోదానిపై ఐదేసి స్తంభాలు ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత. వాలు నేల మీద నింపుడు పట్టి ఉంచడానికి చక్రపు ఆకుల గోడలు, దారి మలుపుల దగ్గర వేదికలు, స్తూపంలా మధ్య భాగం కుడి చేతి వైపు ఉండేలా మనిషి ప్రదక్షిణగా నడిచే మార్గం: ఇవి తీసుకో. జ్యూరీలో ఎవరైనా ఇందులో బౌద్ధం ఎక్కడుందని అడిగితే నక్ష చూపించు.

ప్రశ్న (అమెరికాలో ఉంటున్న కృష్ణా జిల్లా వాసులు): మా ఊరి స్వాతంత్ర్య సమరయోధుల స్మారకంగా 60 అడుగుల స్తంభం కట్టిద్దామని నిధులు పోగుచేశాం. ఊరంతా నల్లరేగడి. ఎత్తు ఇంకా పెంచాలని కొందరు అంటున్నారు.

జవాబు: ఎత్తు గురించి ముందు నేలని అడగండి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. స్తంభం అడుగు 4 మీటర్ల వెడల్పు, ఎత్తు 18 మీటర్లు అనుకోండి. ఒక వైపు 25 మి.మీ. లేచిందంటే పై కొన 110 మి.మీ.కి పైగా పక్కకి జరుగుతుంది. ఊరంతా చూస్తుంది. మట్టి పరీక్షలో ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (నీటిలో మట్టి ఎంత శాతం ఉబ్బుతుందో చెప్పే లెక్క) తప్పకుండా అడగండి. 50 శాతం దాటితే ఉబ్బుడు బాగా ఉన్నట్టే. చిన్న కట్టడాలకైతే మూడున్నర, నాలుగు మీటర్ల లోతున, అడుగున గడ్డలా వెడల్పు చేసిన అండర్‌రీమ్డ్ పైల్స్ సరిపోతాయి. గడ్డ వ్యాసం పైల్ వ్యాసానికి రెండున్నర రెట్లు ఉంటుంది. ప్లింత్ బీమ్ కింద 75 నుంచి 80 మి.మీ. ఖాళీ వదలాలి. మేస్త్రీలు ఈ ఖాళీ ఇసుకతో నింపేస్తారు, దగ్గరుండి చూసుకోండి. నింపితే ఉబ్బిన మట్టి బీమ్‌ని పైకి తంతుంది. చుట్టూ రెండు మీటర్ల యాప్రాన్ (నీరు దిగని గచ్చు) వేయండి, వేపచెట్టో రావిచెట్టో అందం కోసం పునాది పక్కనే నాటకండి. వేర్లు ఒక వైపు తడి లాగేస్తే ఆ వైపే కుంగుతుంది.

ఇక గుర్తుండిపోవడానికి ఎత్తే అక్కర్లేదు. మీరున్న దేశంలోనే వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం ఉంది. మాయా లిన్ నక్ష, 1982లో పూర్తయింది. నేల మట్టానికి కిందికి దిగిన రెండు నల్లరాతి గోడలు, కలిసే చోట ఎత్తు పదడుగుల పైచిలుకే. ఒక గోడ వాషింగ్టన్ స్మారక స్తంభం వైపు, ఇంకొకటి లింకన్ స్మారకం వైపు చూస్తాయి. చుట్టూ ఉన్న చోటు దాన్ని పెద్దది చేసింది. అన్నట్టు, ఆ నల్లరాయి బెంగళూరు నుంచి వెళ్లిందే.

పేర్లు చెక్కించేటప్పుడు ఒక మాట. అక్కడి ఇంగ్లిష్ అక్షరాలు అర అంగుళం చిల్లర ఎత్తు. తెలుగుకి అది చాలదు. ‘స్వాతంత్ర్య’లో ఒత్తులూ ‘క్రీ’లో గుడిదీర్ఘమూ అంత చిన్న చోట పూడుకుపోతాయి. మూల అక్షరం ఎత్తు 30 మి.మీ. తగ్గనివ్వకండి, వరసకీ వరసకీ మధ్య ఒత్తులకి చోటు ఉండేలా 65 నుంచి 70 మి.మీ. దూరం పెట్టండి. 3 నుంచి 4 మి.మీ. లోతు ఉలితో చెక్కిస్తే పెయింటు పోయినా నీడతోనే చదవొచ్చు. రాతికి పంపేముందు ప్రతి పేరూ ఆ కుటుంబంవారి చేత చదివించి సంతకం తీసుకోండి. రాయి మీద తప్పు దిద్దాలంటే పలక మార్చాల్సిందే.

ఇంకా ఎత్తే కావాలంటే, ఆ ఎత్తు వెదురు గడ ఒకటి రెండు కలిపి జెండా కట్టి నిలబెట్టండి. బస్టాండు నుంచి, కాలువ గట్టు నుంచి, గుడి ముందు నుంచి ఫోటోలు తీయండి. కట్టడం మొత్తం ఒక్క చూపులో పట్టాలంటే దాని ఎత్తుకి రెండింతల దూరం కావాలి, చుట్టుపక్కలతో కలిపి చూడాలంటే మూడింతలు. 60 అడుగుల స్తంభానికి 180 అడుగుల ఖాళీ మీ సెంటర్లో ఉందా?

ప్రశ్న (శ్రీకాకుళం జిల్లా తీర ప్రాంతం): తుపాను ఆశ్రయంగా, మామూలు రోజుల్లో సామాజిక భవనంగా ఉండే కట్టడం మా పాత చుట్టిళ్ల రూపంలో కట్టవచ్చా, లేక అది ఉత్త ముచ్చటేనా?

జవాబు: ముచ్చట కాదు. చుట్టిల్లు గాలికి పుట్టిన ఆకారం. గుండ్రటి గోడ మీద గాలి చీలి జారిపోతుంది, మూలలు లేవు కాబట్టి మూలల దగ్గర పుట్టే లాగుడు తగ్గుతుంది, కప్పు దాదాపు నేల దాకా దిగి గోడని వాన నుంచి కాస్తుంది. లెక్క ఇది: మీ తీరానికి నిర్మాణ నియమావళి (కోడ్) చెప్పే మూల గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. 0.6ని వేగపు వర్గంతో గుణిస్తే చదరపు మీటరుకి 1,500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. కానీ తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన కట్టడాలకి తీరం నుంచి 60 కి.మీ. లోపు 1.3 గుణకం వేయాలి. వేగం 65 అవుతుంది, ఒత్తిడి 2,535 న్యూటన్లు, దాదాపు 258 కిలోలు. వేగం మూడో వంతు కూడా పెరగలేదు, బరువు 70 శాతం పెరిగింది. పాత డ్రాయింగులు తెచ్చి కట్టేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

రూపం తీసుకోండి, తాటాకు చూరు పొడవు మాత్రం తీసుకోకండి. రేకుతోనో కాంక్రీటుతోనో కట్టినప్పుడు గాలి చూరు కింద దూరి పైకి లేపుతుంది. చూరు అడుగున్నర మించకూడదు, నీడకి వసారా కావాలంటే దాని కప్పు వేరుగా కట్టండి, లేచిపోతే అదొక్కటే పోతుంది. సముద్రపు గాలికి కాంక్రీటు బలం ఎం30 శ్రేణికి, కవర్ 45 మి.మీ.కి తగ్గకూడదు. అలల తుంపర తగిలే చోటైతే ఎం35, 50 మి.మీ. కవర్ ఉండాలి. ఆ కవర్ కోసం ఇనుము కింద పెట్టే బిళ్లలు కాంక్రీటువే పెట్టాలి. కంకర ముక్కలు పెట్టి మమ అనిపిస్తే పదేళ్లలో శ్లాబు అడుగున ఇనుము కనిపిస్తుంది. ఇసుక సముద్రపుది వద్దు, క్యూరింగ్‌కి ఉప్పు బోరు నీళ్లు వద్దు. నేల మట్టం ఉప్పెన ఎత్తుని బట్టి నిర్ణయించాలి. గుండ్రటి గదిని పిల్లర్ల మీద లేపితే కింద ఖాళీలో వలలు అల్లుకోవచ్చు. ఆ ఖాళీకి గోడలు మాత్రం కట్టనివ్వకండి, నీరు వచ్చినప్పుడు అది దారి.

ప్రశ్న (వికారాబాద్ జిల్లా): కొత్త సాంస్కృతిక భవనం బయటి గోడలకి తాండూరు బండలు అతికించాం. రెండో ఏడే కొన్ని ఊడాయి, కొన్ని పొరలు లేచాయి. స్థానిక రాయి వాడటమే తప్పా?

జవాబు: రాయి తప్పు కాదు, అతికించిన తీరు తప్పు. తాండూరు, షాబాద్ బండలు పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. నేల మీద పరిచినప్పుడు బరువు పొరలకి అడ్డంగా పడుతుంది, దశాబ్దాలు ఉంటాయి. గోడకి నిలువుగా పెడితే పై అంచు నుంచి పొరల మధ్యకి నీరు దిగుతుంది, పగలు వేడికి రాయి సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది, వెనక సిమెంటు మాత్రం అలాగే ఉంటుంది. మనిషి ఎత్తు దాటాక సిమెంటు మీద ఆధారపడకూడదు. పలకకి నాలుగు చొప్పున స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులు వేసి, వెనక ఖాళీ వదిలి, పలకల మధ్య 4 నుంచి 5 మి.మీ. సందు పెట్టాలి. పలక 30 మి.మీ. మందం ఉండాలి. మామూలు ఇనుప క్లాంపులైతే తుప్పు చారలు పైకే కనిపిస్తాయి. పైన రాతి టోపీ, దాని అడుగున నీరు తిరిగి గోడకి చేరకుండా గాడి ఉండాలి. మీ గోడకి అది లేదని ఫోటోలో తెలుస్తోంది.

ఇప్పటికైతే కర్రతో తట్టి బోలుగా మోగే పలకలన్నీ తీసేయండి, కింద నడిచేవాళ్ల మీద పడకముందే. మిగిలినవాటికి క్లాంపులు వేయించండి. మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడుగుతున్నామని రాశారు, అది ఈరోజే ఆపండి. సున్నపురాయి మీద యాసిడ్ పడితే బుసబుస పొంగుతుంది కదా, ఆ పొంగేది మురికి కాదు, మీ గోడ.